అమ్మను అడగకుండా మందు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పిల్లల్ని బడికి పంపించి, స్టౌ కట్టేసి, అమ్మయ్య అని ఒక్క క్షణం కూర్చున్నాక ఫోను మోగిందనుకోండి. తీరా చూస్తే అది బడి నంబరు. మనలో ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నిరుడు వానాకాలంలో ఒకరోజు నాకూ అదే జరిగింది. కాదు, నా సంగతి అంతకన్నా అన్యాయం. ఫోను పడకగదిలో ఛార్జింగుకు పెట్టి, నేను పెరట్లో బట్టలు ఆరేసుకుంటున్నాను. లోపలికి వచ్చి చూసుకునేసరికి బడి నుంచి మూడుసార్లు చేసి ఉన్నారు.

మేము చంపాపేటలో ఉంటాము. మా అమ్మాయి చదివే బడి తుక్కుగూడ దగ్గర. శ్రీశైలం రోడ్డు మీద, ఔటర్ రింగు రోడ్డు దాటే చోట ఉంది కదండీ, ఆ వైపు. ఒకప్పుడు అవన్నీ పొలాలు. శంషాబాదులో 2008లో విమానాశ్రయం వచ్చాక, రింగు రోడ్డు పడ్డాక, ఆ చుట్టుపక్కల పెద్ద పెద్ద బడులు వెలిశాయి. మంచి గాలి, ఆటస్థలం ఉన్నాయని మేమూ అక్కడే చేర్పించాము. బస్సులో ముప్పావుగంట ప్రయాణం. మా చిన్నతనంలో బడి పక్క వీధిలోనే ఉండేది. ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఆయా పరుగున వెళ్ళి వాళ్ళమ్మను పిలుచుకొచ్చేది. బిడ్డకు ఏది పడుతుందో, ఏది పడదో చెప్పడానికి అమ్మ అక్కడే ఉండేది. ఇప్పుడు బడి దూరమైంది. అమ్మ ఫోనుకు అవతల ఉంది.

ఆ రోజు ఏమయిందంటే, ఆటల పీరియడులో మా అమ్మాయి కాలు మడతపడింది. నాలుగో తరగతి పిల్ల, ఏడ్చింది. బడిలో ఉండే నర్సు కట్టు కట్టి, నొప్పి తగ్గడానికి ఒక మాత్ర వేసింది. అందులో ఐబుప్రొఫెన్ ఉంది. అది మా అమ్మాయికి పడదు. అయిదేళ్ళ వయసులో జ్వరానికి అదే మందు ఉన్న సిరప్పు పోస్తే కళ్ళు ఉబ్బిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. ఇక ఆ మందు జోలికి వెళ్ళవద్దని డాక్టరుగారు అప్పుడే చెప్పారు.

మాత్ర వేసిన అరగంటకు పెదవులు వాచాయి. దద్దుర్లు వచ్చాయి. తరువాత దగ్గు, గొంతు బొంగురు. అప్పుడు ఆ నర్సు నాకు ఫోను చేసింది, “పాపకు ఇంజెక్షను ఇవ్వమంటారా?” అని అడగడానికి. మూడుసార్లు చేసింది. నేను ఎత్తలేదు. మా వారు మీటింగులో ఉన్నారు. ఇంజెక్షను ఆమె పెట్టెలోనే ఉంది. కానీ ఇంటివాళ్ళు సరే అనకుండా, డాక్టరు చెప్పకుండా ఇవ్వడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చివరికి బడి వ్యానులో దగ్గర ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడి డాక్టరు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా తొడకు సూది వేశారు. మా అమ్మాయి బతికి బట్టకట్టింది. రాత్రంతా అక్కడే ఉంచుకుని మర్నాడు పంపించారు.

చూడండి ఎలా జరిగిందో. మొదటి మందు నొప్పి మాత్ర. అది ఓ గంట ఆలస్యమైనా కొంప మునిగేది కాదు. అప్పుడు నన్ను అడగలేదు. రెండో మందు ప్రాణం నిలిపేది. అక్కడ ఒక్కొక్క నిమిషమూ విలువైనదే. అప్పుడు అడుగుతూ కూర్చుంది. అడగవలసిన చోట అడగలేదు, అడగడానికి ఆగకూడని చోట ఆగింది. ఈ రెంటికీ ఉన్న తేడా మనకు తెలియాలి, బడివాళ్ళకూ తెలియాలి. ఈ రోజు మీతో ముచ్చటించాలనుకున్నది ఇదే.

ముందు ఎలర్జీ సంగతి. మనం “పడదు” అనే ఒక్క మాటలో అన్నీ కలిపేస్తాము. వంకాయ తింటే దురద పెడితే పడదంటాము. పాలు తాగితే కడుపు ఉబ్బితే పడదంటాము. రొయ్యలు తిని ఊపిరి ఆడకపోయినా పడదనే అంటాము. ఈ మూడూ ఒకటి కాదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఒకటి ఉంది కదా. అది ఏ హానీ చేయని పదార్థాన్ని కూడా శత్రువనుకుని దాని మీద విరుచుకుపడితే దానిని ఎలర్జీ అంటారు. ఈ మాటను 1906లో వియన్నాకు చెందిన ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు పుట్టించారు. ఆ దాడి చర్మం దగ్గర ఆగితే దద్దుర్లు, దురద. ఒంట్లో అన్ని భాగాలకూ పాకితే గొంతు వాచి, ఊపిరి గొట్టాలు ముడుచుకుపోయి, రక్తపోటు పడిపోతుంది. దీన్ని ఎనాఫిలాక్సిస్ అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, లక్షణాలు గుర్తుంచుకోండి. దద్దుర్లు, వాపులతో పాటు గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, వాంతులు, కళ్ళు తిరగడం, మగతగా పడిపోవడం. ఒక్కొక్కసారి దద్దుర్లు లేకుండానే ఊపిరి ఆడకపోవచ్చు కూడా.

ఈ స్థితిలో పనిచేసే మందు ఒక్కటే, ఎడ్రినలిన్. తొడ కండకు ఇస్తారు. ఎంత ఇవ్వాలన్నది పిల్లల బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. మనలో చాలామందికి ఎలర్జీ అనగానే ఎవిల్, సెట్రిజిన్ గుర్తుకొస్తాయి. అవి దురదకు, దద్దుర్లకు మంచివే. కానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేవు. “ఎవిల్ వేశాము కదా, చూద్దాం” అని ఆగితే ఆ ఆగడమే ప్రమాదం. ఎడ్రినలిన్ ఇచ్చి తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని గంటల తరువాత మళ్ళీ తిరగబెట్టవచ్చు. అందుకే మా అమ్మాయిని ఆ రాత్రి ఉంచుకున్నారు.

ఇక అనుమతి సంగతి. “నా బిడ్డకు నన్నడగకుండా మందెలా వేస్తారు?” అని మనం అడుగుతాము. న్యాయమైన ప్రశ్నే. ఇది మన గడ్డ మీద చాలా పెద్ద ఎత్తున లేచిన సందర్భం ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ ద్వారపు కాన్సరు రాకుండా టీకాలు వేశారు. ‘పాత్’ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనమది. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. టీకా వేయించుకున్న పిల్లల్లో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో గొడవ లేచి, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో చెప్పారు. ఆ టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నదే. తప్పు మరొక చోట బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టలు వార్డెన్ల సంతకాలు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు.

వార్డెను సంతకం పెడితే ఏమిటి నష్టం, ఆమె కూడా పిల్లల మంచే కోరుతుంది కదా అనవచ్చు. మంచి కోరడం వేరు, తెలిసి ఉండడం వేరు. ఉదాహరణకు ఆ టీకాను ఈస్టు అనే పులిసే పదార్థం తీవ్రంగా పడని వాళ్ళకు ఇవ్వకూడదు. ఈ పిల్లకు చిన్నప్పుడు ఏం తింటే ఒళ్ళు వాచిందో, ఏ ఇంజెక్షను వేస్తే కళ్ళు తిరిగి పడిపోయిందో అడవిలో ఊళ్ళో ఉన్న తల్లికి తెలుసు. వార్డెనుకు ఎలా తెలుస్తుంది? అమ్మను అడగడమంటే మర్యాదకు అడగడం కాదు. ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు కనుక అడగడం.

ఇలాంటిదే ఢిల్లీలో ఇంకొకటి. బడులలో తట్టు, రుబెల్లా టీకాలు వేసే కార్యక్రమానికి తల్లిదండ్రుల అంగీకారం అక్కరలేదన్నట్టు అక్కడి అధికారులు ఉత్తర్వు ఇస్తే, 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. టీకా మేలు చేసేదే అయినా తల్లిదండ్రులకు ముందు చెప్పి, వాళ్ళు సరే అన్నాకే వేయాలంది. మందు మంచిదైతే అడగనక్కరలేదు అనే వాదం అక్కడ నిలవలేదు.

మరి అత్యవసరం మాటేమిటి? చట్టం దానికీ దారి చూపింది. పాత శిక్షాస్మృతిలో 92వ సెక్షనుగా ఉండి, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షనుగా చేరిన నియమం ఒకటుంది. అనుమతి ఇచ్చేవాళ్ళు సమయానికి దొరకనప్పుడు, ఆ మనిషి మేలు కోరి మంచి మనసుతో చేసిన పనిని నేరంగా చూడరని దాని సారాంశం. అయితే చట్టంలో ఉందని చెప్పినంత మాత్రాన, ఒంటరిగా సిక్‌రూములో ఉన్న ఇరవై రెండేళ్ళ నర్సుకు ధైర్యం వచ్చేస్తుందా? ఆమె చేతికి డాక్టరు రాసిన కాగితం, తల్లి పెట్టిన సంతకం ముందే ఉండాలి. అవి లేకపోతే ఫోను పట్టుకుని మనకోసం చూస్తూ ఉంటుంది. మనం బట్టలు ఆరేసుకుంటూ ఉంటాము.

మా చెల్లెలి కూతురు అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ వాళ్ళబ్బాయికి జీడిపప్పు పడదు. బడి నర్సు కాగితం లేనిదే జ్వరం మాత్ర కూడా వేయదని మొదట్లో విసుక్కునేది. ఏటా డాక్టరు చేత రాయించి, తాను సంతకం పెట్టి, ఎడ్రినలిన్ పెన్నుతో పాటు బడిలో అప్పగించాలి. బొమ్మ కలంలా ఉంటుందట. తొడకు ఆనించి నొక్కితే మందు దిగుతుంది. ఇంత పద్ధతి ఉన్న దేశంలోనూ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నారు. 2012 జనవరిలో వర్జీనియా రాష్ట్రంలో ఏడేళ్ళ పాప బడిలో వేరుశెనగ తిని ప్రాణం పోగొట్టుకుంది. పాపకు ఎలర్జీ ఉందని బడికి తెలుసు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం బడులలో ఎవరి పేరూ లేని ఎడ్రినలిన్ నిల్వ ఉంచాలని చట్టం చేసింది. 2013లో అమెరికా ప్రభుత్వం అలాంటి చట్టాలు చేసుకోమని అన్ని రాష్ట్రాలనూ ప్రోత్సహిస్తూ మరో చట్టం తెచ్చింది. చిన్న చిన్న మందులకు కాగితం అడుగుతారు, ప్రాణం మీదికి వస్తే కాగితం కోసం ఆగరు. మన బడులలో ఆ పెన్నులు సులభంగా దొరకకపోవచ్చు. కానీ ఎడ్రినలిన్ ఎమ్యూలు ఖరీదైనదేమీ కాదు. కావలసినది దాన్ని వాడడానికి ముందే రాసిపెట్టుకున్న ఏర్పాటు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఇంతసేపూ నర్సు చేసినదే చెప్పాను కదూ.

మా అమ్మాయి ఇంటికి వచ్చిన మూడో రోజు నేను తుక్కుగూడ వెళ్ళాను, ఆ నర్సును నిలదీయడానికే. దారి పొడుగునా ఏమేమి అనాలో మనసులో వల్లెవేసుకున్నాను. సిక్‌రూములోకి అడుగు పెట్టగానే ఆ పిల్ల లేచి నిలుచుంది. కళ్ళు వాచి ఉన్నాయి, ఏడ్చినట్టుంది. “సిస్టర్, నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది?” అన్నాను. ఆమె మాట్లాడకుండా ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది. మా అమ్మాయిని చేర్పించినప్పుడు నేను నింపిన ఫారం. “ఎలర్జీలు ఏమైనా ఉన్నాయా?” అన్న గడిలో నా దస్తూరీతో “లేవు” అని ఉంది.

“చూసే ఇచ్చాను మేడమ్. అయినా ఫోను చేసి ఉండవలసింది, అది నా పొరపాటే” అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ గడి నింపిన రోజు నాకు బాగా జ్ఞాపకం. పెన్ను పట్టుకుని ఆగాను. పక్కనే ఉన్న మా అత్తయ్యగారు, “ఎందుకమ్మా అవన్నీ రాయడం, ఆడపిల్ల. జబ్బుమనిషని పేరు పడిపోతుంది. పైగా సీటు ఇవ్వమంటే?” అన్నారు. ఆవిడ మనవరాలి మేలు కోరే అన్నారు. నాకూ ఆ మాట నచ్చింది. ఒక్క జ్వరం మందే కదా, నేను చూసుకుంటానులే అనుకుని రాసేశాను. ఆ మందు తుక్కుగూడలో ఇంకెవరి చేతిలోనో ఉంటుందని తోచలేదు.

సోదరీమణులారా, అనుమతి అడగడం బడివాళ్ళ బాధ్యత. నిజం చెప్పడం మన బాధ్యత. ఒకటి లేకుండా రెండోది పనిచేయదు. నన్ను అడిగినా అడగకపోయినా ఆ కాగితం నా తరఫున జవాబు చెప్పేసింది. ఆ జవాబు తప్పుడుది.

అంచేత జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, పుస్తకాలకు అట్టలు వేసినట్టే, ఒక ఉత్తరం కూడా తయారు చేయండి. బిడ్డకు ఏది పడదో రాయండి. మందయితే డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాలతో ఉన్న అసలు మందు పేరు. ఒకే మందు పది పేర్లతో వస్తుంది. మీరు ఒక పేరు రాస్తే నర్సు దగ్గర ఉన్నది ఇంకొకటి కావచ్చు. ఆ మందు చుట్టాలేవి, బదులుగా ఏది ఇవ్వవచ్చు అన్నది డాక్టరును అడిగి చేర్చండి. లోగడ ఏం జరిగింది, ఎంతసేపటికి జరిగింది ఒక వాక్యంలో రాయండి. ఇద్దరి ఫోను నంబర్లతో పాటు, పగలు తప్పకుండా ఫోను ఎత్తే మూడో మనిషి నంబరు కూడా ఇవ్వండి.

తరువాత రెండు సంగతులు విడివిడిగా రాసి సంతకం పెట్టండి. నొప్పి, జలుబు, కడుపునొప్పి లాంటి వాటికి నాకు ఫోను చేసి, నేను సరే అన్నాకే మందు ఇవ్వండి అని ఒకటి. వాపుతో పాటు ఊపిరి ఇబ్బందిగాని, మగతగాని, వాంతులుగాని కనిపిస్తే నాకోసం ఆగవద్దు, డాక్టరుగారు రాసిన ప్రకారం వెంటనే ఇంజెక్షను ఇచ్చి, 108కి ఫోను చేసి, ఆ తరువాత నాకు చెప్పండి అని రెండోది. రెండోదాని కింద మీ డాక్టరు సంతకం ఉండాలి. ఆ స్థితిలో బిడ్డను నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోనివ్వవచ్చు. ఇదీ రాయండి.

బడిని కూడా నాలుగు ప్రశ్నలు అడగడానికి మొగమాటపడకండి. సిక్‌రూములో ఎవరుంటారు? నర్సు సెలవు పెడితే ఎవరు చూస్తారు? పిల్లకు ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో రాసే పుస్తకం ఉందా? ఎడ్రినలిన్ ఉందా, దాని గడువు తేదీ ఎప్పుడు? చాలా బడులలో నర్సే ఉండరు, టీచరే మాత్ర తీసి ఇస్తారు. అక్కడయితే ఈ ప్రశ్నలు మరీ అవసరం. నులిపురుగుల మాత్రలు వేసే రోజు వస్తుంది కదా. 2015 నుంచి ఫిబ్రవరి 10న ఆ కార్యక్రమం జరుగుతోంది. అది మంచి పని, మానవద్దు. కానీ ఆ రోజు బిడ్డకు ఒంట్లో బాగాలేకపోయినా, వేరే మందులు వాడుతున్నా, ముందుగానే చీటీ రాసి పంపండి. తరువాత వేయించవచ్చు.

ఇంకొక్క మాట. బిడ్డకు కూడా చెప్పండి. నాలుగేళ్ళ పిల్లకు “బయట ఎవరైనా మందిస్తే ‘మా అమ్మకు చెప్పారా?’ అని అడుగు” అని నేర్పవచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లకు మందు పేరే నేర్పవచ్చు. మా అమ్మాయికి ఆ పేరు నేను ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు మాత్ర మింగేముందు ఆమె చెప్పగలిగి ఉండేది. దాచిపెట్టాలన్న నా ఆలోచన దానినీ మూగదాన్ని చేసింది.

ఆ రోజు నేను ఆ నర్సును ఏమీ అనలేదు. ఆమె దగ్గరే కూర్చుని, “లేవు” అన్న మాట కొట్టేసి, పక్కన అసలు సంగతి రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. బడివాళ్ళు ఇప్పుడు అందరు తల్లిదండ్రులకూ ఆ రెండు రకాల కాగితమూ పంపుతున్నారు. నర్సు ఫోను చేస్తే నేను ఎత్తుతున్నాను. పెరట్లోకి వెళ్ళినా ఫోను కొంగున ముడేసుకుని వెళుతున్నానని మా అత్తయ్యగారు నవ్వుతారు. కిందటి జూన్‌లో మా మరిది కొడుకును బడిలో చేర్పిస్తుంటే, ఫారం నింపుతున్న మా తోటికోడలితో ఆవిడే అన్నారు, “వాడికి గుడ్డు పడదు కదమ్మా, అది రాశావా?” అని.

మీ ఇంట్లో ఆ గడి ఎలా నింపారో ఒక్కసారి చూసుకోండి. సెలవు.